నెత్తి మీది సొరియాసిస్‌కు జంట మందులు: రాసే తీరు, ఆపే తీరు

నెత్తి మీది సొరియాసిస్‌కు మందు పనిచేయడం లేదంటే ముందుగా చూడాల్సింది మందు పేరు కాదు, అది చర్మానికి చేరుతోందా లేదా అన్నది. కొంత జుట్టుకు అంటుకుంటుంది, కొంత పెచ్చు మీదే ఆరిపోతుంది, చర్మానికి దక్కేది ఏ కొంచెమో. మోచేతి మీద రెండు వారాల్లో గుణం చూపిన మందే నెత్తి మీద నెల రోజులు రాసినా కదలకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. అందుకే మందుల గురించి ఎంత చెప్పుకోవాలో పాపిట తీయడం, పెచ్చు నానబెట్టడం, తల కడగడం గురించీ అంతే చెప్పుకోవాలి.

కింద వచ్చే మందుల్లో చాలావాటిలో బలమైన స్టెరాయిడ్ ఉంది. కనుక జబ్బు సొరియాసిస్సేనని చర్మ వైద్యులు చూసి తేల్చాకే మొదలుపెట్టాలి. చుండ్రు పొట్టు జిడ్డుగా, పసుపు ఛాయలో, తల అంతా పలచగా ఉంటుంది. సొరియాసిస్ పొట్టు పొడిగా, వెండి రంగులో, పొర మీద పొరగా మందంగా ఉంటుంది. దాని కింద మచ్చకు అంచు స్పష్టంగా తెలుస్తుంది. చాలామందిలో మచ్చ జుట్టు మొదలయ్యే గీత దాటి నుదుటి మీదికి, చెవుల వెనక్కి, మెడ మీదికి దిగుతుంది. చామనఛాయ, నలుపు చర్మం మీద ఎరుపు అంతగా కనబడదు, ఊదా లేదా ముదురు గోధుమ రంగులో కనిపిస్తుంది. ఎర్రగా లేదు కదా అని సొరియాసిస్ కాదనుకోవద్దు. పిల్లల తల మీద పొట్టుతో పాటు వెంట్రుకలు మొదట్లోనే తెగిపోయి ఖాళీలు పడుతుంటే అది తల తామర కావచ్చు. దాని మీద స్టెరాయిడ్ రాస్తే దురద తగ్గినట్టే ఉండి ఫంగస్ లోలోపల పాకుతుంది. అనుమానం ఉన్నచోట పొట్టునూ వెంట్రుకనూ పరీక్షకు పంపాకే మందు.

ఒకదానికి ఇంకొకటి ఎందుకు తోడు

సొరియాసిస్‌లో రెండు పనులు ఒకేసారి జరుగుతుంటాయి. రోగనిరోధక కణాలు రెచ్చిపోయి చర్మంలో వాపు పెంచుతాయి. ఆ వాపు ప్రభావంతో పైచర్మం కణాలు ముదరకముందే తోసుకొచ్చి పైన పేరుకుంటాయి. మామూలుగా దాదాపు నెల పట్టే ప్రయాణం కొద్ది రోజుల్లోనే ముగుస్తుంది. స్టెరాయిడ్ మొదటి పనిని అణుస్తుంది. డి విటమిన్‌ను పోలిన కాల్సిపోట్రియాల్ రెండో పనిని నెమ్మదింపజేస్తుంది. స్టెరాయిడ్ త్వరగా పనిచేస్తుంది, కానీ ఎక్కువకాలం వాడితే చర్మాన్ని పలచన చేస్తుంది. కాల్సిపోట్రియాల్ చర్మాన్ని పలచన చేయదు, కానీ నిదానంగా పనిచేస్తుంది, మంట పుట్టిస్తుంది. రెంటినీ కలిపితే స్టెరాయిడ్ ఆ మంటను చల్లారుస్తుంది, ఫలితం విడివిడిగా వాడినప్పటికంటే బాగుంటుంది. ఈ జబ్బుకు ఉన్న పూత మందుల్లో ఎక్కువ ఆధారాలున్న జంట ఇదే.

ఈ జంటలో గ్రాముకు 50 మైక్రోగ్రాముల కాల్సిపోట్రియాల్, 0.5 మి.గ్రా. బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంటాయి. బీటామెథసోన్ డైప్రొపియొనేట్ రూపంలో ఉంటుంది కాబట్టి కొన్ని డబ్బాల మీద 0.64 మి.గ్రా. అని రాసి ఉంటుంది. రెండూ ఒకటే, బలం పెరిగిందని కంగారు పడక్కర్లేదు. ఇది ఆయింట్‌మెంట్‌గా, జెల్‌గా, ఫోమ్‌గా దొరుకుతుంది. నెత్తికి జెల్ లేదా ఫోమ్ ఎంచుకోండి. ఆయింట్‌మెంట్ మంచి మందే అయినా జుట్టులో పెడితే వదిలించుకోవడం నరకం. రెండు రోజులకే విసుగొచ్చి మందే మానేస్తారు.

రెండో జంట స్టెరాయిడ్, శాలిసిలిక్ ఆమ్లం. బీటామెథసోన్ డైప్రొపియొనేట్ 0.05%తో నెత్తి లోషన్లలో సాధారణంగా 2%, ఆయింట్‌మెంట్లలో 3% శాలిసిలిక్ ఆమ్లం ఉంటుంది. అంతకంటే బలమైన స్టెరాయిడ్ అయిన క్లోబెటసాల్ 0.05%తో కలిసినవీ ఉన్నాయి. వాటిలో శాలిసిలిక్ శాతం ఎక్కువగా ఉండొచ్చు, డబ్బా మీద చూడండి. ఇక్కడ శాలిసిలిక్ ఆమ్లం పని జబ్బును తగ్గించడం కాదు. పెచ్చును పట్టి ఉంచే జిగురును సడలించి స్టెరాయిడ్‌కు దారి ఇవ్వడం. పెచ్చు బాగా మందంగా ఉన్న తలకు ఇది మొదటి రెండు వారాల్లో బాగా అక్కరకొస్తుంది. పెచ్చు పోయాక కూడా దీన్నే కొనసాగిస్తే పచ్చి చర్మం మీద మంట తప్ప లాభం లేదు.

మూడోది పాత కాలపు కలయిక: బొగ్గు తారు, శాలిసిలిక్ ఆమ్లం, గంధకం కలిపి కొబ్బరినూనె ఆధారంగా చేసిన లేపనం. వాసన వస్తుంది, దిండు గలీబులు పాడవుతాయి, తెల్లజుట్టుకు పసుపు పడుతుంది. అయినా దీన్ని తీసిపారేయలేం. స్టెరాయిడ్ లేని కలయిక కాబట్టి స్టెరాయిడ్‌కు విరామం ఇచ్చే వారాల్లో పనికొస్తుంది.

ముందు పెచ్చు సంగతి

పెచ్చు వేలికి గట్టిగా తగులుతోందంటే పైన ఏ మందు రాసినా వృథా. మొదటి మూడు నాలుగు రాత్రులు పూర్తిగా పెచ్చు మెత్తబరచడానికే కేటాయించండి. పెచ్చు పలచగా ఉంటే ఈ దశ అక్కర్లేదు, నేరుగా జెల్‌కు వెళ్లొచ్చు.

సాదా నూనెతో సరిపోతే అదే మంచిది. లిక్విడ్ పారాఫిన్ గానీ కొబ్బరినూనె గానీ గోరువెచ్చగా చేసి, పాయలు పాయలుగా జుట్టు విడదీసి, పెచ్చు మీద దూదితో అద్దండి. తలంతా పోసుకోవడం కాదు, పెచ్చు ఉన్నచోట తడిసి ముద్దవ్వాలి. కనీసం రెండు గంటలు, వీలైతే రాత్రంతా ఉంచాలి. నూనె పెట్టినప్పుడు ప్లాస్టిక్ టోపీ పెట్టుకోవచ్చు, ఆ వేడికీ తేమకూ పెచ్చు తొందరగా మెత్తబడుతుంది. స్టెరాయిడ్ రాసిన తల మీద మాత్రం డాక్టరు చెప్పకుండా అదే టోపీ వేయొద్దు. మూసిన చర్మం మందును మామూలుకంటే చాలా ఎక్కువగా లోపలికి లాగేసుకుంటుంది.

నూనెకు లొంగని పెచ్చుకు శాలిసిలిక్ ఆమ్లం కలిపిన లేపనం లేదా నూనె వాడతారు. సాధారణంగా 3% నుంచి 10% మధ్య. ఎక్కువ శాతం ఉన్నవి డాక్టరు రాసిస్తేనే తీసుకోవాలి. పగుళ్లు, రక్తం కారిన గీతలు ఉన్నచోట పెడితే భగ్గున మండుతుంది. పిల్లల్లో, మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో, ఒళ్లంతా మచ్చలున్నవారిలో పెద్ద విస్తీర్ణంలో రాస్తే ఆ ఆమ్లం రక్తంలోకి చేరి చెవుల్లో హోరు, వికారం, తలతిరుగుడు తెప్పించగలదు. చెవుల్లో హోరు మొదలైతే వెంటనే కడిగేసి మందు ఆపాలి. ఆస్పిరిన్ పడనివారు దీని జోలికి పోకూడదు.

ఉదయం తల కడిగాక, తడి జుట్టులోనే పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనను పెచ్చుకు దాదాపు సమాంతరంగా వాల్చి, మెల్లగా పైపైన తిప్పండి. వదులైంది అదే వస్తుంది. రానిదాన్ని గోటితో, సన్నదువ్వెనతో పీకకండి. సొరియాసిస్ ఉన్న చర్మానికి ఒక దుర్గుణం ఉంది. గాయమైన చోటల్లా కొత్త మచ్చ లేస్తుంది. దీన్ని కోబ్నర్ స్పందన అంటారు. గీకి గీకి ఒక్క రాత్రిలో తల నున్నగా చేసుకున్నవాళ్లకు రెండు వారాల్లో అంతకంటే మందంగా తిరిగి రావడం వెనక ఉన్నది ఇదే. పీకితే పెచ్చుతో పాటు వెంట్రుకలూ ఊడతాయి. నెత్తి సొరియాసిస్‌లో రాలే జుట్టు చాలావరకు జబ్బు తగ్గాక తిరిగి మొలుస్తుంది, అయినా దాన్ని మన చేత్తో పెంచుకోవడం ఎందుకు?

జెల్ రాసే క్రమం

కాల్సిపోట్రియాల్, బీటామెథసోన్ జెల్ రోజుకు ఒక్కసారే. రాత్రి పడుకునే ముందు వీలు. ఉదయం రెండోసారి రాస్తే గుణం రెట్టింపు కాదు, దుష్ఫలితాలు మాత్రం పెరుగుతాయి.

1. జుట్టు పొడిగా ఉండాలి. తల కడిగిన రోజైతే పూర్తిగా ఆరాకే రాయాలి. తడిమీద జెల్ జారి నుదుటి మీదికి దిగుతుంది.

2. సీసాను బాగా ఊపండి. మందు అడుగున చేరి ఉంటుంది. ఊపకపోతే మొదట్లో పలచటి నూనె, చివర్లో చిక్కటి మందు వస్తాయి. మొదటి వారం పనిచేయలేదు, తర్వాత మండింది అనే ఫిర్యాదు ఇలాగే పుడుతుంది.

3. దువ్వెన తోకతో పాపిట తీయండి. మచ్చ మీద అడ్డంగా సుమారు 1 సెం.మీ. ఎడంతో పాపిట మీద పాపిట తీసుకుంటూ పోవాలి. వెనకవైపు కనబడదు కాబట్టి ముందు వేలితో తడిమి గరుకు ఎక్కడ ఉందో పట్టుకుని, అక్కడే పాపిట తీయండి. ఇంట్లో ఇంకొకరి చేయి దొరికితే మరీ మంచిది.

4. సీసా మూతిని చర్మానికి దగ్గరగా పెట్టి పాపిట వెంబడి చుక్కలుగా పెట్టండి. అరచేతిలో పోసుకుని తలకు నూనెలా పట్టించడం తప్పు. మందంతా జుట్టుకే పోతుంది.

5. వేలి కొనతో ఆ చుక్కలను మచ్చ మీద మెల్లగా అద్దండి. మర్దన అక్కర్లేదు. మచ్చ లేనిచోట రాయక్కర్లేదు.

6. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇది మరిచిపోయి కళ్లు నలుపుకున్నవారికి కళ్లు మండుతాయి, ముఖానికి తగిలితే ముఖం ఎర్రబడుతుంది.

ఎంత రాయాలి? నెత్తికి రోజుకు 1 నుంచి 4 గ్రాములు మామూలుగా సరిపోతుంది. 4 గ్రాములంటే దాదాపు ఒక టీ చెంచాడు. తలలో సగం మేర మచ్చలుంటే అర చెంచాతో మొదలుపెట్టి చూడండి. కొలత సరిగా ఉందో లేదో సీసానే చెబుతుంది. రోజుకు 4 గ్రాముల చొప్పున 60 గ్రాముల సీసా 15 రోజులు వస్తుంది, 2 గ్రాముల చొప్పున నెల. తలంతా మచ్చలుండి, రోజూ రాస్తూ, సీసా రెండు నెలలు వచ్చిందంటే రాసింది చాల్లేదు. వారంలో అయిపోయిందంటే జుట్టుకు పెడుతున్నారు. ఒంటి మీద కూడా మచ్చలుండి అక్కడా కాల్సిపోట్రియాల్ ఉన్న మందే వాడుతుంటే రెండూ కలిపి లెక్కేయాలి. పెద్దలకు రోజుకు 15 గ్రాములు, వారానికి 100 గ్రాములు దాటకూడదు. దాటితే రక్తంలో కాల్షియం పెరిగే ప్రమాదం ఉంది. విపరీతమైన దాహం, మలబద్ధకం, నీరసం దాని సూచనలు.

రాత్రంతా ఉంచండి. రాసిన వెంటనే తల కడిగితే రాయనట్టే. దిండుకు పాత గుడ్డ వేసుకోండి.

ఇక ఉదయం కడగడం. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. జెల్ ఆధారం నూనె లాంటి పారాఫిన్. ముందు నీళ్లు పోసుకుంటే నూనె మీద నీరు జారిపోతుంది, షాంపూ నురగే రాదు, మూడుసార్లు రుద్దినా జుట్టు జిడ్డు జిడ్డుగానే ఉంటుంది. క్రమం తిరగేయండి. పొడి జుట్టుకే, జెల్ పెట్టినచోట, మామూలు షాంపూ పట్టించి ఒకటి రెండు నిమిషాలు ఉంచి, అప్పుడు నీళ్లు పోయండి. షాంపూ ముందు నూనెను పట్టుకుంటుంది, తర్వాత నీరు ఆ రెంటినీ తీసుకుపోతుంది. అవసరమైతే రెండోసారి మామూలుగా రుద్దుకోండి. రోజూ తల కడగలేనివారు రెండు రోజులకోసారి కడిగినా నష్టం లేదు, మందు మాత్రం రోజూ రాయాలి.

ఫోమ్ వాడేవారు డబ్బాను ఊపి, అరచేతిలోకి కొంచెం తీసుకుని, వేలి కొనలతో పాపిట వెంబడి చర్మానికి అద్దాలి. నేరుగా తల మీద కొడితే జుట్టు మీదే ఆగిపోతుంది. క్లోబెటసాల్ ఫోమ్ మాత్రం చేతి వేడికే కరిగి నీరవుతుంది కాబట్టి దాన్ని చల్లటి పళ్లెంలోకి తీసుకుని వేలితో ఎత్తుకోవాలి. ఏ ఫోమ్ అయినా మండే వాయువుతో బయటికి వస్తుంది. పొయ్యి దగ్గర, సిగరెట్ దగ్గర వాడొద్దు. జెల్‌ను ఫ్రిజ్‌లో పెట్టొద్దు.

జుట్టు ఒత్తుగా ఉండి రాత్రి మందు భరించలేనివారికి

క్లోబెటసాల్ 0.05% షాంపూ వీరికి వీలుగా ఉంటుంది. పేరు షాంపూ కాబట్టి తడి తలకు రుద్ది వెంటనే కడిగేస్తారు. అది పొరపాటు. పొడి తలకు, పాపిటలు తీసి, మచ్చల మీద పలచగా రాసి, టోపీ ఏమీ వేయకుండా గడియారం చూసి 15 నిమిషాలు ఉంచాలి. తర్వాత నీళ్లు పోసి నురగ తెప్పించి కడిగేయాలి. కాసేపే ఉంచి కడుగుతాం కాబట్టి చర్మం మీద స్టెరాయిడ్ ఉండే సమయం తక్కువ. రోజుకొకసారి, 4 వారాల దాకా. క్లోబెటసాల్ ఏ రూపంలో వాడినా వారానికి 50 గ్రాములు దాటకూడదు. కడగకుండా వదిలేసే లోషన్, ఫోమ్ రూపాలకు ఒక విడతకు 2 వారాలే గడువు.

ఆల్కహాల్ ఆధారంగా చేసిన స్టెరాయిడ్ లోషన్లు జుట్టుకు జిడ్డు అంటనివ్వవు, పగలు రాసుకుని బయటికి వెళ్లొచ్చు. గోకి గోకి చర్మం పగిలి ఉంటే మాత్రం మంట తట్టుకోలేరు. అలాంటి తలకు మొదటి వారం జెల్‌తో గడిపి, పగుళ్లు మానాక లోషన్‌కు మారడం తెలివైన పని.

కలపకూడనివి

కాల్సిపోట్రియాల్‌కు ఆమ్లం పడదు. శాలిసిలిక్ ఆమ్లం తగిలితే అది చెడిపోయి పనికిరాకుండా పోతుంది. రాత్రి శాలిసిలిక్ లోషన్ పెట్టి, దాని మీదే జెల్ రాయడం, లేదా శాలిసిలిక్ షాంపూతో పైపైన కడిగిన వెంటనే జెల్ పెట్టడం, ఈ రెండూ ఖరీదైన మందును చేతులారా పాడుచేయడమే. డాక్టరు రెండూ రాసిచ్చారంటే వరసగా వాడమని: ముందు కొన్ని రోజులు శాలిసిలిక్‌తో పెచ్చు తీసి, తల శుభ్రంగా కడిగి, తర్వాత కాల్సిపోట్రియాల్‌కు మారడం. మందుల చీటీలో ఈ వరస రాసి ఉండకపోతే అడిగి రాయించుకోండి.

కాల్సిపోట్రియాల్‌నూ వేరే స్టెరాయిడ్ క్రీమునూ విడిగా కొని అరచేతిలో కలిపి రాయడం కూడా వద్దు. కాల్సిపోట్రియాల్ క్షార గుణంలో నిలుస్తుంది, బీటామెథసోన్‌కు కొద్దిగా ఆమ్ల గుణం కావాలి. రెంటినీ ఒక గొట్టంలో ఉంచడానికి నీరు లేని ఆధారం తయారుచేయాల్సి వచ్చింది. ఇంట్లో కలిపితే ఏది ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. రెండు గొట్టాలే ఉన్నప్పుడు డాక్టరు చెప్పిన ప్రకారం ఉదయం ఒకటి, రాత్రి ఒకటి.

అతినీలలోహిత కిరణాల చికిత్స తీసుకునే రోజుల్లో కాల్సిపోట్రియాల్ ఆ చికిత్స తర్వాతే రాయాలి, ముందు రాస్తే కిరణాలకు మందు చెడుతుంది. తారు రాసిన చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది కాబట్టి కడిగేశాక కూడా ఆ రోజు ఎండలో తల కప్పుకోవాలి. జుట్టుకు రంగు, స్ట్రెయిటెనింగ్ లాంటి రసాయనాలు వేయించుకోవాలంటే జెల్‌కు ముందు 12 గంటలు, తర్వాత 12 గంటలు ఎడం ఉంచండి. మచ్చ రేగి ఉన్నప్పుడు ఆ రసాయనాలు మానుకోవడమే నయం.

స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన క్రీములు సొరియాసిస్‌కు జంట మందులు కావు. సొరియాసిస్‌లో ఫంగస్ మందుకూ యాంటీబయాటిక్‌కూ చేసేందుకు పనేమీ లేదు. అనవసరమైన మందు, దానికి తోడు ఎంత బలమో తెలియకుండా స్టెరాయిడ్.

తారు లేపనం వాడే తీరు

కొబ్బరినూనె ఆధారంగా ఉన్న లేపనాన్ని పాపిటల వెంబడి పెచ్చుకు రాసి, ఒక గంట ఉంచి, మామూలు షాంపూతో కడిగేయాలి. బాగా పట్టిన పెచ్చుకు మొదటి 3 నుంచి 7 రోజులు రోజూ, తర్వాత వారానికొకసారి. 6 ఏళ్ల లోపు పిల్లలకు వాడరు, 12 ఏళ్ల దాకా డాక్టరు కనుసన్నల్లోనే. వెంట్రుకల మొదళ్లలో చీము పొక్కులు లేస్తే ఆపేయాలి. తారు షాంపూ వేరే సంగతి. అది 5 నుంచి 10 నిమిషాలు ఉంచి కడిగేది, తేలికపాటి జబ్బుకూ తగ్గాక కాపాడుకోవడానికీ పనికొస్తుంది. తీవ్రంగా ఉన్న నెత్తి సొరియాసిస్‌కు తారు షాంపూ ఒక్కదాని మీదే ఆధారపడొద్దని బ్రిటన్‌లో చికిత్సలకు మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2012 మార్గదర్శకాలు కూడా చెబుతాయి.

ఎన్నాళ్లు, తర్వాత ఏమిటి

జంట జెల్ మొదలుపెట్టిన వారం రెండు వారాల్లో దురద, పొట్టు తగ్గాలి. ఎరుపు పోవడానికి ఇంకా సమయం పడుతుంది. నెత్తికి మామూలు గడువు 4 వారాలు. కొన్ని దేశాల్లో 8 వారాల దాకా అనుమతి ఉంది. చర్మం నున్నబడిన చోట ముందే ఆపేయొచ్చు, మచ్చ మిగిలిన చోటే రాస్తూ పోవచ్చు. చేతితో తడిమినప్పుడు మందం తగలకపోతే ఆ చోటు తగ్గినట్టే. రంగు తేడా కొన్ని నెలలు ఉండిపోవచ్చు, అది పోవాలని రోజూ మందు రాస్తూ పోకండి.

అన్నిటికంటే ఎక్కువ చెడిపోయేది ఆపేటప్పుడు. నాలుగో వారం చివర తల శుభ్రంగా ఉందని ఒక్కసారిగా మానేస్తారు, నెల తిరిగేసరికి జబ్బు తిరిగి వస్తుంది, ఇంతకుముందుకంటే ఎక్కువగా కూడా రావచ్చు. అప్పుడు ఇంకా బలమైన స్టెరాయిడ్ మొదలవుతుంది. ఈ చక్రాన్ని తెంచే పద్ధతి ఏమిటంటే, రోజూ రాయడం ఆపాక అదే చోట్ల వారానికి రెండు రోజులు, మధ్యలో రెండు మూడు రోజుల ఎడంతో, జబ్బు లేకున్నా రాయడం. ఉదాహరణకు సోమవారం, గురువారం. జంట మందు ఫోమ్‌ను ఇలా 52 వారాల దాకా వాడి చూసిన పరీక్షలో, జబ్బు తిరగబెట్టాకే మందు మొదలుపెట్టినవారితో పోలిస్తే వీరికి తిరగబెట్టడం తగ్గింది. ఇది డాక్టరు పర్యవేక్షణలో చేయాల్సిన పని. మూణ్నెల్లకోసారైనా చర్మం చూపించుకోవాలి.

నైస్ మార్గదర్శకాల లెక్క ప్రకారం బలమైన స్టెరాయిడ్‌ను ఒకే చోట ఏకధాటిగా 8 వారాలకు మించి, అతి బలమైనదాన్ని 4 వారాలకు మించి వాడకూడదు. ఒక విడతకూ ఇంకో విడతకూ మధ్య 4 వారాల విరామం ఉండేలా చూసుకోవాలి. ఆ విరామంలో కాల్సిపోట్రియాల్ ఒక్కటే గానీ తారు గానీ నడపొచ్చు. బీటామెథసోన్ డైప్రొపియొనేట్ బలమైనది, క్లోబెటసాల్ అతి బలమైనది. ఒక చిన్న పుస్తకంలోనో క్యాలెండర్ మీదో రాసిన రోజులు గీత పెట్టుకోండి. నాలుగు వారాలు అనుకున్నది పదకొండు వారాలైందని చాలామందికి గీతలు లెక్కపెట్టాక గానీ తెలియదు.

అంచుల దగ్గర జాగ్రత్త

నడినెత్తి చర్మం మందం, స్టెరాయిడ్‌ను బాగానే తట్టుకుంటుంది. నుదుటి గీత, కణతలు, చెవి వెనక మడత, మెడ వెనక చర్మం అలా కాదు. అక్కడ నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి కింద ఎర్రటి సన్న నరాలు కనబడతాయి, మొటిమల్లాంటి పొక్కులు లేస్తాయి. పలచబడిన చర్మం చాలావరకు కోలుకుంటుంది గానీ ఆ నరాలు అంత తొందరగా పోవు. జుట్టు గీత దాటి ముఖం మీదికి దిగిన మచ్చకు జంట జెల్ వద్దు. దానికి తేలికపాటి స్టెరాయిడ్ లేదా స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ లాంటి పూత మందు డాక్టరు విడిగా ఇస్తారు. పడుకునేముందు జెల్ నుదుటి మీదికి జారకుండా జుట్టు గీత వెంబడి సన్నగా వాజలిన్ గీత గీసుకుంటే కొంత ఆగుతుంది. స్టెరాయిడ్ పదేపదే కంట్లోకి జారితే కంటి ఒత్తిడి పెరగొచ్చు, శుక్లం రావచ్చు. చూపు మసకైతే మందు సంగతి కంటి డాక్టరుకు చెప్పాలి.

12 ఏళ్ల లోపు పిల్లలకు జంట జెల్ మామూలుగా ఇవ్వరు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ మందుల్లో ఏదైనా అడిగాకే వాడాలి. హాలోబెటసాల్ (స్టెరాయిడ్) 0.01%, టజారోటిన్ (ఎ విటమిన్ తరహా మందు) 0.045% కలిపిన లోషన్ ఒకటి ఉంది. అది గర్భిణులకు పూర్తిగా నిషిద్ధం. పైగా మంట ఎక్కువ కాబట్టి నెత్తికి మొదటి ఎంపిక కాదు.

చుండ్రు, సొరియాసిస్ రెండూ కలగలిసినట్టున్న తలకు జిడ్డు పొట్టు ఎక్కువగా ఉంటే ఫంగస్ మందు కీటోకొనజోల్ 2% షాంపూ వారానికి రెండుసార్లు, 5 నిమిషాలు ఉంచి కడిగేలా జోడిస్తారు. ఇది జెల్‌కు అడ్డు రాదు. ఉదయం జెల్‌ను మామూలు షాంపూతో వదిలించాక రెండో రుద్దుకు దీన్ని వాడండి.

రోఫ్లూమిలాస్ట్ 0.3% ఫోమ్ స్టెరాయిడ్ కాదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025లో నెత్తి, ఒంటి సొరియాసిస్‌కు 12 ఏళ్లు దాటినవారిలో అనుమతించింది. స్టెరాయిడ్ గడువు దాటిపోయిన తలకు దీని గురించి అడిగి చూడొచ్చు.

పూత మందులతో ఆగకూడని సందర్భాలు

క్రమం తప్పకుండా, పైన చెప్పినట్టు పాపిట తీసి రాసినా 4 వారాలకు మందం తగ్గలేదంటే మందు మార్చే ముందు రెండు విషయాలు తేల్చాలి: జబ్బు నిజంగా అదేనా, ఇంకేదైనా మందు దాన్ని రెచ్చగొడుతోందా. లిథియం, రక్తపోటుకు వాడే బీటా బ్లాకర్లు, మలేరియాకు వాడే క్లోరోక్విన్ తరహా మందులు సొరియాసిస్‌ను పెంచగలవు. వాటిని సొంతంగా మానకండి, వాడుతున్నామని చర్మ డాక్టరుకు చెప్పండి.

పొద్దున్నే వేళ్లు, మడమలు బిగుసుకుని అరగంటకు పైగా వదలకపోతే, ఒక వేలు మొత్తం సాసేజిలా ఉబ్బితే, గోళ్లకు సూది గుచ్చినట్టు గుంటలు పడితే కీళ్ల సొరియాసిస్ అనుమానించాలి. దానికి నెత్తి జెల్ ఎన్ని సీసాలు రాసినా ఏమీ కాదు, ఆలస్యమైతే కీలు పాడవుతుంది. ఒళ్లంతా ఎర్రబారి చలి వణుకు వస్తే, మచ్చల మీద చీము పొక్కులు గుంపులుగా లేస్తే అదే రోజు ఆసుపత్రికి. నోటి ద్వారా గానీ ఇంజక్షన్‌గా గానీ స్టెరాయిడ్ తీసుకుని అర్ధంతరంగా ఆపినవారిలో ఈ చీము పొక్కుల రకం వచ్చే ప్రమాదం ఎక్కువ. అందుకే నెత్తి దురదకని ఆ ఇంజక్షన్ ఎవరైనా ఇస్తానంటే ఒప్పుకోవద్దు.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు తలకు ఆ రాత్రి నూనె పెట్టకండి, పెచ్చు తీయకండి. వాడిన సీసాలు, గొట్టాలు ఖాళీవైనా పట్టుకెళ్లండి. రోజులు గీతలు పెట్టుకున్న క్యాలెండర్ కూడా.